బాప్తిస్టు మందిరము: నిర్మాణవిమర్శ

మండపేట ప్రాంతమునందును గోదావరి డెల్టా పల్లెలయందును గల బాప్తిస్టు మందిరములను జూచి, వానియందు శిల్పము శూన్యమనియు, నవి పాఠశాలల కొట్టములకంటె భిన్నములు గావనియుఁ గొందఱాక్షేపింతురు. ఈ యాక్షేపము విచారణీయము.

తామస్ గేబ్రియేలను తెలుఁగువాఁడు కాకినాడలో మొదలిడిన పనిని 1874లో కెనడా బాప్తిస్టుఁడగు జాన్ మెక్లారిన్ చేపట్టెను. 1882లో సామర్లకోటలో బోధకుల పాఠశాల వెలసెను. పిమ్మట మండపేటకుఁ జేరువనున్న రామచంద్రపురమును మిషనుస్థానమయ్యెను.

కట్టడమును దాని ప్రయోజనమును బట్టి పరీక్షింపవలయును. దేవాలయమున గర్భగృహము ప్రధానము, మండపము దానికంగము. బాప్తిస్టులకు సంఘమనఁగా విశ్వాసులేగాని గోడలు గావు. ప్రతిష్ఠింపఁదగిన మూర్తి లేదు; బలిపీఠము లేదు. వాక్యము చెప్పుటకును వినుటకును జనులు గూడుటయే ప్రయోజనము. కావున నిచ్చట మండపమే ప్రధానము. ప్రసంగవేదిక యెల్లరకుఁ గానవచ్చుటయు, స్తంభములు చూపున కడ్డురాకుండుటయు నిచ్చట గుణములు.

ఇఁక శబ్దవిచారము. బాప్తిస్మపదము ముంచుట యను నర్థముగల గ్రీకుధాతువు నుండి పుట్టినది. వంగభాషలో నీ యర్థము స్ఫురించునట్లు బాప్తిస్టులు చేసిన భాషాంతరమునకు 1830 తరువాతి దశకమున బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిలు సొసైటీ సాహాయ్యమును నిరాకరించెను. తెలుఁగు బైబిలు గ్రీకుపదమునే గ్రహించినది. ఇది యుచితమే. ధాతుపాఠమున మస్జధాతువునకు శుద్ధి యర్థముగాఁ జెప్పఁబడినది. ప్రయోగమున మునుఁగుట ప్రసిద్ధము. బాప్తిస్టులకు మునుఁగుట విశ్వాసమునకు గుఱుతేగాని శుద్ధికిఁ గారణము గాదు. మజ్జనపదమును గైకొన్నచో వారొల్లని యర్థము చొరఁబడును.

ఈ క్రియకుఁ దొట్టి మందిరములోనే యుండవలయునను నియమము లేదు. 1878 జూలై 3న ఒంగోలు క్లౌదొర సహచరులు గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన పిదపఁ గాలువలు వ్యాపించిన డెల్టాలో నీటికిఁ గొఱఁత లేదు. కావునఁ దొట్టి లేమి పల్లెమందిరమునకు న్యూనత గాదు.

దోషము వేఱొకచోట నున్నది. గాథికు చర్చిని బోలవలయునను కోరికతోఁ జిన్నమందిరమునకుఁ దగిలించిన కొనదేరిన కిటికీలును, ఉపయోగములేని బురుజును అసందర్భాలంకారములు. ఉపమేయమునకుఁ దగని యుపమానము కావ్యమును జెఱచునట్లు, ఇవియుఁ గట్టడమును జెఱచును. ఇటుక, సున్నము, పెంకులతోఁ గట్టిన సాదాశాలయే దాని మతమునకు ననుగుణము. అలంకారము లేదని పాతశాలలను బడఁగొట్టి బురుజు లెత్తువారు, లేని లోపమును దిద్దఁబోయి యున్న గుణమును బోఁగొట్టుకొందురు.