ఆర్లింగ్టన్‌కి దొంగదారి లేదు

మా ఊరి జట్టులో ఒక కుర్రాడు వరుసగా నాలుగు వారాలు బాగా ఆడాడంటే నాకు గుబులు పుడుతుంది. మంచివాణ్ని మా దగ్గర ఎక్కువ కాలం ఉంచరు. ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ బేస్‌బాల్‌లో డబుల్ ఏ స్థాయి జట్టు, టెక్సస్ రేంజర్స్‌కి అనుబంధం. ఆటగాళ్లనీ కోచ్‌లనీ రేంజర్సే పంపుతుంది, జీతాలూ తనే ఇస్తుంది, అక్కరపడినప్పుడు తీసుకుపోతుంది.

"మన రంజీ లాంటిదా?" అని ఇక్కడికి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు అడుగుతుంటారు. కాదు. రంజీలో హైదరాబాద్ తన గెలుపు కోసం తను ఆడుతుంది. ఫ్రిస్కో గెలిచిందా ఓడిందా అన్నది పైవాళ్లకి అంతగా పట్టదు. కొత్తరకం బంతి వెయ్యడం నేర్చుకుంటున్న పిచర్ దెబ్బలు తింటూనైనా దాన్నే పదేపదే వెయ్యాల్సి రావచ్చు. ఆ సంగతి తెలియకుండా స్కోరుబోర్డు చూస్తే ఆ సాయంత్రం అక్కడ ఏం జరిగిందో బోధపడదు.

పొద్దున్నే కాఫీతో పాటు కింది జట్ల స్కోర్లు చూడటం నాకు అలవాటైపోయింది. 2021లో మైనర్ లీగ్‌లని కుదించాక 30 పెద్ద జట్లకీ తలా నాలుగు, మొత్తం 120 అనుబంధ జట్లు మిగిలాయి. మాది పైనుంచి రెండో మెట్టు. పై మెట్టు ఆస్టిన్ పక్కనున్న రౌండ్ రాక్. విచిత్రమేమిటంటే రేంజర్స్ ఆడే ఆర్లింగ్టన్ మాకు నలభై మైళ్ల దూరమే. కుర్రాళ్లు మాత్రం మామూలుగా దాదాపు రెండు వందల మైళ్లు దక్షిణానికి పోయి, రౌండ్ రాక్ చుట్టి అక్కడికి చేరాలి.

మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే జట్టుతో ఆరు ఆటలు, సోమవారం సెలవు. అందుకే ఆట మొదలుపెట్టే పిచర్‌కి వంతు ఇంచుమించు వారానికోసారి వస్తుంది. ఎదుటి జట్టేదో నాకు అనవసరం, ఆ రోజు ఎవరు వేస్తారో చూసి టికెట్ కొంటాను. అవుట్‌ఫీల్డ్ వెనక లేజీ రివర్ ఉంది, నీళ్లలో తేలుతూ ఆట చూడొచ్చు (నిజంగానే!). ఇంట్లోవాళ్లు అటు పోతారు, నేను ప్లేటు వెనక కూర్చుంటాను. బంతి ఆఖరి క్షణంలో ఎటు తిరుగుతుందో అక్కణ్నుంచే తెలుస్తుంది.

2022లో జాక్ లైటర్ ఇక్కడే వేశాడు. ముందటి ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే పెద్ద జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునేటప్పుడు, రెండో పేరు అతనిది. ఫ్రిస్కోలో అతని లెక్క 3 గెలుపులు, 10 ఓటములు, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున అయిదున్నర పరుగులు. బంతిలో వేగానికి లోటు లేదు, అది ఎక్కడ పడుతుందన్నదే సమస్య. నా చుట్టుపక్కల సీట్లవాళ్లు చాలామంది ఆశ వదులుకున్నారు. తీరా 2025లో ఏడాదిలో చాలాభాగం రేంజర్స్ తరఫున ఆట మొదలుపెట్టిన పిచర్లలో అతనొకడు.

ఇవాన్ కార్టర్ కథ ఇంకోరకం. 2020లో అతన్ని 50వ పేరుగా తీసుకున్నప్పుడు నిపుణులు రాసిపెట్టుకున్న జాబితాల్లో చాలావాటిలో అతను లేనే లేడు. 2023లో వేసవంతా దాదాపు మా దగ్గరే ఉన్నాడు. సెప్టెంబరు 8న ఆర్లింగ్టన్‌లో దిగాడు. ఆ అక్టోబరు, నవంబరు నాకౌట్ పోటీల్లో తొమ్మిది డబుల్స్ కొట్టి రికార్డు పెట్టాడు, రేంజర్స్ మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది. చెడ్డ బంతిని వదిలెయ్యడంలో అతని ఓపిక ఫ్రిస్కోలో చూసినవాళ్లకి టీవీలో కొత్తగా అనిపించలేదు.

ఇలా పేరొచ్చినవాళ్ల గురించి రాయడం తేలిక. వాళ్ల పక్కన ఆడినవాళ్లలో చాలామంది ఒక్కరోజైనా పైకి రారు. 2023లో మైనర్ లీగ్ ఆటగాళ్ల సంఘం తొలి ఒప్పందం కుదుర్చుకునేదాకా డబుల్ ఏలో కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్లు. ఆ ఒప్పందంతో అది 30,250కి పెరిగింది. ఫ్రిస్కోలో అద్దెలు తెలిసినవాళ్లకి ఆ రెండో అంకె కూడా గొప్పగా కనిపించదు.

ఇక కుమార్ రాకర్. అతని తల్లి తరఫు తాతా అమ్మమ్మా ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికా వచ్చినవాళ్లు. తండ్రి ట్రేసీ రాకర్ పేరున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. 2019లో కుమార్ వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 స్ట్రైకౌట్లు తీశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ ఎంచుకుని, వైద్య నివేదికలు చూసి ఒప్పందం చేసుకోకుండా వదిలేసింది. మరుసటేడు రేంజర్స్ మూడో పేరుగా తీసుకుంది. 2023లో మోచేతికి శస్త్రచికిత్స, ఏడాదికి పైగా విరామం. 2024లో ఫ్రిస్కో, రౌండ్ రాక్ మీదుగా పోయి సెప్టెంబరు 12న సియాటిల్‌లో మొదటి ఆట ఆడాడు. నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకౌట్లు.

ఆ రాత్రి నాకు వచ్చిన ఫోన్లకి లెక్కలేదు, "మనవాడటగా!" అని. అదే మనవాడు కొన్ని వారాల ముందు ఇక్కడ వేస్తున్నాడు రండి అంటే, ఎండ ఎక్కువ అన్నారు. 2025లో పరుగులు బాగా ఇచ్చాడు, రౌండ్ రాక్‌కి తిప్పి పంపారు. ఈసారి ఎవరూ ఫోను చెయ్యలేదు. ఫోను చేసి ఉంటే చెప్పేవాణ్ని, అతని స్లైడర్ బంతిని దగ్గర్నుంచి చూడాలంటే ఆర్లింగ్టన్ కన్నా రౌండ్ రాక్ సీటే నయం, పైగా టికెట్ కూడా చవక.