అద్దానికి ఆనించిన రూపాయి

కొవ్వూరు దాటిన రైలు గోదావరి వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారడం, పెట్టెలో కబుర్లు సన్నగిల్లడం, ఏట్లో వేసేందుకు చేతులు జేబుల్లోకీ కొంగుముడుల్లోకీ వెళ్లి చిల్లర వెతకడం గోదావరి జిల్లాల వారికి కొత్తగా చెప్పవలసిన సంగతి కాదు. కాని కిటికీలు బిగించిన ఏసీ పెట్టెలు పెరిగిన కొద్దీ ఆ చిల్లర చేతిలోనే మిగిలిపోతోంది. ఈ వారం అలాంటి పెట్టెలో ఒక వృద్ధురాలు రూపాయి బిళ్లను అద్దానికి ఆనించి, అవతలి ఒడ్డు వచ్చేదాకా అలాగే పట్టుకుని, చివరకు కళ్లకద్దుకుని తిరిగి ముడివేసుకోవడం, రైలు అందంలో సగం తెరిచిన కిటికీదేనన్న ఈ శీర్షిక పాత వాదానికి మళ్లీ ప్రాణం పోసింది.

ఇక్కడి మొదటి వంతెన 1897లో పని మొదలై, వాల్టన్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో 1900 నాటికి పూర్తయి, మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు మోసింది. దానికి 56 స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య దూలం దాటే ఎడాలు. 1974లో వచ్చిన రెండో వంతెనలో పైన బస్సులు, కింద ఉక్కు అల్లికలోంచి రైళ్లు పోతాయి కనుక విసిరిన నాణెం ఒక్కోసారి గర్డరుకు తగిలి ఖంగున మోగి, ఏటికి చేరిందో లేదో తెలియకుండా పోతుంది. 1997లో హేవలాక్‌కు విశ్రాంతినిచ్చిన మూడోది బౌస్ట్రింగ్ పద్ధతిలో కట్టినది: వింటిబద్దలా వంగిన కాంక్రీటు కమాను, దాని రెండు కొసలనూ అల్లెతాడులా బిగబట్టిన దూలం.

అయితే కిటికీ గురించిన ఈ వగపు 1900కు ముందరి కాలం దగ్గర నిలవదు. రైలు పట్టాలు రెండు ఒడ్లకూ చేరినా నది మీద వంతెన లేని ఆ కొద్ది ఏళ్లలో ప్రయాణికులు రైలు దిగి, మూటాముల్లెతో రేవుకు నడిచి, పడవలో గోదావరి దాటవలసి వచ్చేది. చెయ్యి చాస్తే నీరు తగిలేది. వారిని నీటికి అందనంత ఎత్తుకు లేపింది ఈనాడు మురిపెంగా తలుచుకునే ఆ హేవలాక్ వంతెనే కనుక, ప్రయాణికుడికీ గోదావరికీ మధ్య మొదటి అద్దం ఇనుముతోనే తయారైందనాలి. నాణెం బహుశా అందని చేతికి బదులుగా వెళ్లిన దూత.

రాజమండ్రిలో దిగిన ఆ వృద్ధురాలు ఆటో ఎక్కుతూ ముందు కోటిలింగాలరేవుకు పోనిమ్మంది.