రాత్రిని చూసిన కెమెరా: 'కొలేటరల్' ఛాయాగ్రహణం

గెయిన్ పెంచితే బొమ్మ నాణ్యత తగ్గుతుందని గత పాఠంలో చదివారు. సెన్సార్ ఇచ్చే సంకేతాన్ని గెయిన్ పెద్దది చేస్తుందే గాని, కొత్తగా వెలుతురు తీసుకురాదు. 6 డెసిబెల్స్ పెంచితే ఒక స్టాప్ లాభం, దాని వెంటే నాయిస్. పరీక్షకు ఇంతమాత్రం చాలు. ఒక సినిమాను అంచనా వేయడానికి చాలదు.

మైకేల్ మాన్ తీసిన 'కొలేటరల్' (2004) చూడండి. లాస్ ఏంజెలిస్‌లో ఒకే రాత్రి జరిగే కథ. కిరాయి హంతకుడు విన్సెంట్‌ను ఎక్కించుకున్న టాక్సీ డ్రైవర్ మాక్స్ తెల్లవారేదాకా అతనితో తిరగాల్సి వస్తుంది. ఛాయాగ్రాహకులు డియోన్ బీబీ, పాల్ కామెరాన్ చాలా భాగాన్ని డిజిటల్ కెమెరాలతోనూ, కొంత 35 ఎం.ఎం. ఫిల్ము మీదా తీశారు.

అప్పటి ఫిల్ము మీద ఇలాంటి రాత్రిలో, పెద్ద దీపాలు పెట్టకపోతే, ఆకాశం ఒట్టి నలుపుగా మిగిలేది. ఇక్కడ నలుపు కాదు. వీధి దీపాల కాంతి మేఘాలకు తగిలి మురికి నారింజ రంగులో కిందికి దిగుతుంది. దాని మీద పామ్ చెట్లు నీడల్లా నిలబడతాయి. నగరమంతా మేల్కొనే ఉంది, ఎవరికి ఎవరూ పట్టరు. విన్సెంట్ ఈ మాటను సంభాషణల్లో చెబుతాడు, ఎక్స్‌పోజర్ దాన్ని కళ్లకు కట్టింది. వైట్ బ్యాలెన్స్ సూత్రం ప్రకారం ఆ పసుపును సరిదిద్దాలి. సరిదిద్దితే ముఖాలు బాగుంటాయి, లాస్ ఏంజెలిస్ పోతుంది.

తోడేలుకు దగ్గరి జాతి జంతువులైన కొయోటీలు రోడ్డు దాటే దృశ్యాన్ని ప్రత్యేకంగా గమనించండి. టాక్సీ ఆగుతుంది, ఇద్దరూ మాట్లాడరు. నీడల్లో నాయిస్ సన్నగా కదులుతూ ఉంటుంది. దాన్ని పూర్తిగా తుడిచివేస్తే ఆ చీకటికి లోతు ఉండేది కాదు. అయితే ఇదంతా గెయిన్ ఒక్కదాని ఘనత అనుకోకండి. ముఖాల కోసం టాక్సీలో పలుచని ఎలక్ట్రోల్యూమినిసెంట్ పలకలు అమర్చారు.

బ్యాంకు దొంగ జాన్ డిలింజర్ కథ 'పబ్లిక్ ఎనిమీస్' (2009)కు మాన్ ఇదే చూపును తెచ్చాడు. రాత్రి కాల్పుల్లో అది నిలబడింది. పగటి దృశ్యాల్లో మాత్రం వీడియో పదును బయటపడి, 1930ల కార్లూ కోట్లూ నిన్ననే అద్దెకు తెచ్చినట్లుంటాయి. ప్రేక్షకుణ్ణి ఆ కాలంలోనే నిలబెట్టడానికి అలా తీశారన్న వాదన నన్ను ఒప్పించలేదు. నీడల్లోని నాయిస్‌ను కన్ను చీకటిలో భాగంగా స్వీకరిస్తుంది. తెల్లగా కాలిపోయిన చోట స్వీకరించడానికి ఏమీ మిగలదు, కలర్ గ్రేడింగ్‌లోనూ అది తిరిగిరాదు.