లక్క మెరుపు ముందు రంగు డబ్బా ఎంత?

కృష్ణ దాటితే కొండపల్లి ఉండగా, గుంటూరు జిల్లావాడివి ఎక్కడో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకను నెత్తిన పెట్టుకుంటావేమిటని మిత్రులు దెప్పుతుంటారు. కొండపల్లి పొనికి బొమ్మ మీద నాకు గౌరవమే. కానీ అక్కడ రంగు కుంచెతో పూస్తారు. ఏటికొప్పాకలో రంగు కర్రలోంచే పుట్టినట్టుంటుంది. కర్రకు మెరుగుపెట్టే విద్యలో నా ఓటు దానికే.

కర్ర అంకుడు. తెల్లగా, మెత్తగా, చార కనపడకుండా ఉంటుంది. బాగా ఆరనిచ్చి తరిణె పడతారు. పూర్వం ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు చెక్కేవారట, ఇప్పుడు కరెంటు మోటారు. అసలు చూడాల్సింది ఉలి పక్కన పెట్టాక. లక్కను వేడిచేసి, రంగు కలిపి, సాగదీసి కడ్డీలు చేసి ఉంచుకుంటారు. గిర్రున తిరిగే కర్రకు ఆ కడ్డీని ఒత్తితే రాపిడి వేడికి లక్క కరిగి ఒంటికి పట్టేస్తుంది. ఒత్తిడి ఎక్కువైతే ముద్దకడుతుంది, చెయ్యి తేలిపోతే కర్ర బయటపడుతుంది. ఆ వెంటనే మొగలి ఆకు ముక్కతో అదిమి పడతారు. అప్పటిదాకా చారలు చారలుగా ఉన్న లక్క ఒక్కసారిగా తళతళలాడుతుంది!

మంచి పనివాడు చేసిన కుంకుమ భరిణ చేతిలోకి తీసుకోండి. ఎరుపూ పసుపూ కలిసేచోట ఒకటి రెండోదాని మీదికి పాకదు. మూత పెడితే లోపలి గాలి అడ్డుపడి నిదానంగా దిగుతుంది. దిగాక అంచెక్కడో వేలికి తెలియదు.

ఈ విద్యకు మళ్లీ పరువు తెచ్చినవారు సి.వి. రాజుగారు. రసాయన రంగులు ఊరిని కమ్మేసిన రోజుల్లో పసుపు, నీలిమందు, జాఫరా గింజలు, కరక్కాయల దారి పట్టించారు. పసివాళ్లు నోట్లో పెట్టుకున్నా తల్లికి బెంగలేని రంగులవి. 2017లో జీఐ గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ, 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన శకటం మీద ఈ బొమ్మలే. చప్పట్లకు లోటు లేదు.

లోటల్లా కొనేవాడి బుద్ధిలో ఉంది. కోటప్పకొండ తిరునాళ్లలో లక్కపిడతలు అడిగితే ప్లాస్టిక్ వంటసెట్టు చేతిలో పెడుతున్నారు. కొందరు ఇంకా ఘనులు, ఏదో కర్రకు ఎనామిల్ కొట్టి ఏటికొప్పాక పేరు తగిలిస్తున్నారు. గోటితో గిల్లితే పెచ్చు లేస్తుంది, మూత తీస్తే పెయింటు కంపు. ఇది మోసం కాక మరేమిటి? మరోపక్క అంకుడు కర్ర దొరకడమే గగనమవుతోంది. సన్మానాలు తర్వాత చేసుకోవచ్చు, ముందు బంజర్లలో అంకుడు మొక్కలు నాటించండి మహాప్రభో!

ఇక కొనేవారికి నా మనవి: ఏ రంగు వాడారో అడగండి, మూత తీసి వాసన చూడండి. సరుకు అసలుదని తేలాక మాత్రం పనివాడితో గీచి గీచి బేరమాడకండి.