కథ సరే, అలమరా ఏది?

పిల్లల చేత పుస్తకాలు చదివించడం గురించి మాట వస్తే చాలు, ఎవరో ఒకరు గిజుభాయి బధేకాను తలుచుకుంటారు. ఆయన గుజరాతీలో రాసిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటి కల'గా వచ్చింది. 1930ల తొలినాళ్ల పుస్తకం. ఒక్క పూటలో అయిపోతుంది. దాన్ని అందరూ మెచ్చుకుంటారు. చిక్కల్లా ఆ మెచ్చుకోవడంలోనే ఉంది.

కథ తెలిసిందే. ఒకాయన విద్యాధికారిని ఒప్పించి నాలుగో తరగతిని ఏడాదిపాటు తన చేతిలోకి తీసుకుంటాడు. మొదటిరోజు పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోబెట్టాలని చూస్తాడు. గోల గోల అయిపోతుంది. మర్నాడు కథ మొదలుపెడతాడు. అదే గోల పిల్లలు కదలకుండా కూర్చుంటారు. అందరికీ గుర్తుండేది ఈ ఘట్టమే. అందుకే పుస్తకం మూశాక మనకు మిగిలే నీతి 'పిల్లలకు కథలు చెప్పండి' అని.

అంతకంటే గట్టి విషయం ఆ తర్వాత వస్తుంది. పాఠ్యపుస్తకాలకు పెట్టాల్సిన డబ్బుతో ఆ మాస్టారు కథల పుస్తకాలు కొని, తరగతిలోనే లైబ్రరీ పెట్టిస్తాడు. ఒకే పుస్తకం అందరి దగ్గరా ఉండే బదులు, రకరకాల పుస్తకాలు అందరి మధ్యా తిరుగుతాయి. ఇది బోధన పద్ధతి మాత్రమే కాదు, డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలన్న పేచీ కూడా. గిజుభాయిని పొగిడే మన బడుల్లో లైబ్రరీ పుస్తకాలు చాలాచోట్ల బీరువాలో తాళం కింద ఉంటాయి. చిరిగితే లెక్క చెప్పాలన్న భయం.

అయితే ఈ పుస్తకంలో లేనిదేంటో కూడా చెప్పుకోవాలి. ఆ మాస్టారు మొదలుపెట్టింది నాలుగో తరగతితో. అసలు అక్షరాలే కూడబలుక్కోలేని పిల్లవాడి సంగతేంటి? ఇది ఊహించి అడుగుతున్న ప్రశ్న కాదు. 2022 అసర్ సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 42.8 శాతమే. మిగతా సగానికి పైగా పిల్లలకు కథ సగంలో ఆపి 'మిగతాది పుస్తకంలో ఉంది' అంటే, అది ఊరించడం కాదు, ఏడిపించడం.

తెలుగు చదవడం నేర్పడానికి ఓపిక కావాలి. గుణింతం నోటికి వచ్చినంత మాత్రాన 'రాష్ట్రం' అన్న మాట చదవడం రాదు. ఒక్కో అక్షరం పలుకుతూ మాట చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతాడు. దానికి తోడు, ఇంట్లో 'పోయిండు' అనే పిల్లకు పుస్తకంలో 'వెళ్ళాడు' ఎదురవుతుంది. లిపి కొత్త, మాటా కొత్త. కథ మీద ఇష్టం ఈ గోడ దాకా తీసుకొస్తుంది. గోడ దాటించడానికి రోజూ కొంచెం కొంచెంగా నేర్పే మనిషి కావాలి. ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసుకునే బడిలో ఆ మనిషి ఎక్కడినుంచి వస్తారు? ప్రయోగం చేసేవాడే కథ చెప్పే ఈ పుస్తకంలో దీనికి జవాబు లేదు.

ఇక మన ఫ్లాట్లలో సమస్య ఇంకోరకం. తెలుగు గలగలా మాట్లాడే పిల్లలు తెలుగు అట్ట చూస్తే పక్కకు జరిగిపోతారు. బడిలో అది సెకండ్ లాంగ్వేజ్, ఇంట్లో అది మార్కుల గొడవ. ఇక్కడ గిజుభాయి నేరుగా పనికొస్తాడు. పేజీకి రెండు మూడు వాక్యాలున్న బొమ్మల పుస్తకం తీసుకుని, వేలు పెట్టి చూపిస్తూ చదవండి. అదే పుస్తకం పదోసారి అడిగితే పదోసారీ చదవండి. నాలుగోసారికి ఆ మాటలు తనకే తెలిసిపోతాయి, అప్పుడు అక్షరాలను మాటలతో జోడించుకోవడం తేలిక. అయిపోగానే 'నీతి ఏంటి?' అని మాత్రం అడక్కండి. ఆ ఒక్క ప్రశ్నతో కథ మళ్లీ పాఠమైపోతుంది.

'పగటి కల' ఇప్పటికీ చదవాల్సిన పుస్తకమే. కాకపోతే మంచి మాస్టారి గాథలా చదివితే కళ్లు చెమరుస్తాయి, అంతే. పుస్తకాల డబ్బు ఎటు పోతోంది, బీరువా తాళం ఎవరి దగ్గరుంది, వెనకబడ్డ పిల్ల పక్కన రోజూ ఎవరు కూర్చుంటున్నారు అని అడుగుతూ చదివితే, మన పిల్లల బడిలో అడగాల్సిన ప్రశ్నలు మూడైనా దొరుకుతాయి.