మూడో వేసవి లెక్క

పోయిన వారం మా బైపాస్ రోడ్డు డివైడర్ మీద ఉన్న కోనోకార్పస్ చెట్లన్నీ ఒక్క రోజులో కొట్టేశారు. పొద్దున రంపాల చప్పుడు మొదలైంది. చీకటి పడేలోగా మొద్దులు ట్రాక్టర్లెక్కి వెళ్లిపోయాయి. మర్నాటి నుంచి నాకు ఫోన్లు. "ఎన్నాళ్లుగానో మీరు రాస్తున్నదే కదండీ, ఇన్నాళ్లకు విన్నారు" అని ఒకరు. "ఈ వారం దాని గురించే రాయాలి సార్" అని ఇంకొకరు.

ఆ చెట్టు మీద నా కోపం పాత పాఠకులకు తెలిసిందే. కోనోకార్పస్‌లో ఒక జాతి అమెరికా ఖండపు వేడి తీరాల మడ అడవులది, ఇంకొకటి సోమాలియా వైపుది. ఉప్పు నేలనూ మండుటెండనూ తట్టుకుంటుంది. నాటిన కొద్దికాలానికే పచ్చటి గోడలా లేస్తుంది. ఎలా కత్తిరిస్తే అలా ఒదుగుతుంది. త్వరగా పచ్చగా కనిపించాలనుకున్న పట్టణాలన్నీ దాన్ని తెచ్చుకున్నాయి. తర్వాత ఒక్కొక్కరే వద్దనడం మొదలుపెట్టారు. దాన్ని నాటొద్దని తెలంగాణ 2022లో చెప్పింది, గుజరాత్ 2023లో చెప్పింది. దాని పుప్పొడి ఉబ్బసాన్ని పెంచుతుందని కొందరంటారు, అందుకు తగిన రుజువులు లేవని కొందరు వృక్షశాస్త్రజ్ఞులు అంటారు. నా అభ్యంతరం మాత్రం మొదటి నుంచీ నీడ గురించే. డివైడర్ మీద గుబురుగా కత్తిరించిన చెట్టు కారులో పోయేవాళ్ల కంటికి బాగుంటుంది. ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్లకు, బస్సు కోసం నిలబడ్డ పిల్లలకు, జామకాయల బండి నెట్టుకొచ్చే మనిషికి దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

దారి పక్క చెట్టు ఎవరి కోసం అన్న ప్రశ్నకు ఈ దేశంలో చాలా పాత జవాబే ఉంది. దారుల వెంట మర్రిచెట్లు నాటించాననీ, అవి మనుషులకూ పశువులకూ నీడనిస్తాయనీ అశోకుడు తన స్తంభ శాసనంలో చెక్కించాడు. హైదరాబాదు నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డు మీద, చేవెళ్ల దగ్గర, వందల మర్రిచెట్లు ఇప్పటికీ ఆ పనే చేస్తున్నాయి. రోడ్డు వెడల్పు పనుల్లో అవి పోకుండా జనం ఏళ్ల తరబడి పోరాడారు. మన వీధులకు కానుగ, వేప, పొగడ, నేరేడు కావాలని ఇక్కడ నేను పదే పదే రాసింది కూడా ఈ వరసలోదే.

కాబట్టి ఈ వారం నాకు సంతోషం కలగాలి. వెళ్లి చూశాను, కలగలేదు. ఎందుకు కలగలేదా అని ఆలోచిస్తుంటే మాలీ తాత గుర్తొచ్చాడు.

మా చిన్నప్పుడు ఊళ్లో మునిసిపల్ పార్కు ఉండేది. మధ్యలో రేడియో గది. సాయంత్రం వార్తల వేళకు దాని చుట్టూ సిమెంటు బెంచీల మీద పెద్దవాళ్లు చేరేవారు. పిల్లలం గడ్డిలో దొర్లేవాళ్లం. ఆ పార్కు తోటమాలిని ఊరంతా మాలీ తాత అనేది. గేటు నుంచి రేడియో గది దాకా బాటకు రెండు వైపులా బంతి, చామంతి, కనకాంబరం ఆయన చేతివే. అయితే ఆయన అసలు పనితనం పూల మళ్లలో కంటే పడమటి గోడ వెంట ఉన్న సరుగుడు వరసలో చూశాను.

ఆ సరుగుళ్లు బాగా ముదిరిపోయాయి. తుపాను గాలి వీచినప్పుడల్లా కొమ్మలు విరిగి పడేవి. కొట్టించేయమని పార్కుకు వచ్చే పెద్దమనుషులు అడుగుతూనే ఉండేవారు. తాత సరే అనేవాడు గానీ గొడ్డలి తెప్పించేవాడు కాదు. విరిగేలా ఉన్న కొమ్మలు మాత్రం తీయించి, ఒక ఎండాకాలం ఆ చెట్ల మధ్య గుంతలు తవ్వడం మొదలుపెట్టాడు. మోకాలు దాటిన లోతు, అంతే వెడల్పు. తవ్విన మట్టిని పక్కనే పోసి గుంతను ఎండకు వదిలేశాడు. వైశాఖమంతా అది ఎండాలనీ, అప్పుడు మట్టిలో పురుగు చస్తుందనీ చెప్పేవాడు. తొలకరికి ముందు మాగిన పశువుల ఎరువు, ఎర్రమట్టి, వేపపిండి కలిపి నింపాడు. రెండు మంచి వానలు పడ్డాక గానీ మొక్క దింపలేదు. ప్లాస్టిక్ కవరు చించి, వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటే చేత్తో మెల్లగా విప్పి, ఆ తర్వాతే దింపేవాడు. చుట్టలు విప్పకపోతే పెద్దయ్యాక ఆ వేళ్లే చెట్టు మెడకు ఉరి బిగిస్తాయనేవాడు. ఊతకర్ర పాతి కొబ్బరి తాడుతో వదులుగా కట్టేవాడు. మేకలు రాకుండా చుట్టూ తుమ్మకంప.

కానుగా పొగడా ఒకటి విడిచి ఒకటి పెట్టాడు. రాలిన సరుగుడు సూదులు పాదుల్లో పేరుకోకుండా రోజూ ఊడ్చేవాడు. వేసవిలో సాయంత్రం పూట పాదు నిండా నీళ్లు పోసి, ఇంకాక మళ్లీ పోసేవాడు. పైపైన తడిపితే వేరు పైనే ఉండిపోతుందట, లోతుకు తడిపితే లోతుకు దిగుతుందట. "మొదటేడు మొక్క బతుకుతుంది బాబూ, రెండో ఏడు నిలబడుతుంది, మూడో వేసవి దాటితే ఇక మన చేతిలో ఉండదు, భూమి చూసుకుంటుంది" అనేవాడు.

కానుగలు మనిషెత్తు దాటాక సరుగుళ్లను తీయడం మొదలైంది. ముందు కొత్త మొక్కల మీదికి వాలిన కొమ్మలు. మరుసటి ఏడు ఒకటి విడిచి ఒక చెట్టు. మిగిలినవి ఆ తర్వాత. నేను హైస్కూలు దాటేసరికి పడమటి గోడ వెంట ఒక్క సరుగుడు లేదు, అయినా ఒక్క వేసవిలో కూడా ఆ బెంచీల మీద నీడ తప్పలేదు. ఎందుకింత నిదానం అని ఒకసారి అడిగాను. "ముసలి చెట్టుండగానే పిల్ల మొక్క నిలదొక్కుకోవాలి బాబూ. ఇది నిలబడ్డాక దాన్ని పంపిద్దాం" అన్నాడు.

కోనోకార్పస్ పీకించినందుకు మా కార్పొరేషన్‌ను మెచ్చుకోలేకపోవడానికి కారణం ఈ మాటలో ఉంది. నిన్నటి దాకా అక్కడ ఎంతో కొంత పచ్చదనం ఉంది. ఈ ఎండల్లో ఆ డివైడర్ ఇప్పుడు బోడిగా ఉంది. వానలు పడ్డాక కడియం నర్సరీల నుంచి లారీల మీద చెట్లు దిగుతాయట. ఏ చెట్లో ఇంకా తేల్చలేదట. నాటేటప్పుడు పడ్డ తొందరే నరికేటప్పుడూ పడ్డారు.

ఇక్కడే నేను ఇన్నాళ్లూ పట్టుకున్న వాదాన్ని కూడా మళ్లీ తూచుకోవాల్సి వస్తోంది. మన చెట్టు, పరాయి చెట్టు అన్న లెక్క ఒక్కటే సరిపోదు. చింత పుట్టిల్లు ఆఫ్రికా. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు, నేటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మే నెలలో మన వీధులను ఎర్రగా పూయించే తురాయిది మడగాస్కర్. పాత రైల్వే కాలనీల మీద గొడుగు పట్టిన నిద్రగన్నేరుది అమెరికా ఖండం. మరోవైపు ఏడాకుల పాల అచ్చంగా ఈ దేశపు చెట్టు. 2014లో హుద్‌హుద్ తుపాను చెట్లను కూల్చేశాక విశాఖపట్నంలో దాన్ని పెద్ద ఎత్తున నాటారు. పూత కాలం వచ్చేసరికి ఘాటు వాసన భరించలేకపోతున్నామని జనం మొరపెట్టుకున్నారు. ఊరికొకటో రెండో ఉంటే ఆ వాసన ఎవరినీ బాధించదు. వీధి పొడవునా అదే ఉంటేనే బాధ. దేశవాళీ చెట్టైనా ఆలోచన లేకుండా బారులు తీరిస్తే కష్టమే తెస్తుంది.

అందుకే కోనోకార్పస్‌ను కూడా మాలీ తాత పద్ధతిలోనే సాగనంపాలని ఇప్పుడు అంటున్నాను. ఇంకా నరకని రోడ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. వాటి పక్కన, నడిచేవాళ్ల వైపున, ఈ వర్షాకాలమే కానుగా వేపా నేరేడూ కలిపి నాటండి. అవి మనిషెత్తు దాటే దాకా ఉన్నవాటిని ఉండనివ్వండి. డివైడర్ మీద పూలమొక్కలు పెడతామంటే పెట్టండి, అందం కూడా ఊరికి అవసరమే. చెట్ల మొదళ్ల దాకా సిమెంటు పోయడం మానండి. చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ అధికారులను ఆదేశించింది 2013లోనే. ఆ మీటరు నేల ప్రతి ఊరి చెట్టుకూ కావాలి. అన్నిటికంటే ముందు వీధికొక తోటమాలిని పెట్టి, నెల జీతం ఇచ్చి, ఆ వీధి చెట్లు ఆయనకు అప్పగించండి.

వన మహోత్సవాన్ని 1950లో కె.ఎం. మున్షీ మొదలుపెట్టారు. అప్పటి నుంచీ ఏటా జులైలో ఎన్ని మొక్కలు నాటామో ప్రకటించుకుంటూనే ఉన్నాం. వాటిలో ఎన్ని బతికాయో ఆ లెక్కను నాటిన మూడో ఏడు మే నెలాఖరున, వార్డు సభలో, వీధి వీధికీ చదవాలి. కొత్త మొక్కలకు డబ్బు ఆ సంఖ్యను బట్టే ఇవ్వాలి. తోటమాళ్లకు ఎప్పటి నుంచో తెలిసిన ఈ లెక్క బడ్జెట్లలోకి ఎక్కిన ఊరే పచ్చబడుతుంది.