సినిమా పాటల పుస్తకం: పుట రూపకల్పనలో శ్రోత స్థానం

సంగీతానికి సంబంధించిన ఏ ప్రచురణ అయినా రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పుకొనే అచ్చుకు వెళ్తుంది. దాన్ని కొనేవారెవరు? వారికి ముందే తెలిసినదేమిటి? మొదటి ప్రశ్నకు సమాధానం ముఖచిత్రంలో, రెండవదానికి లోపలి పుటలో దొరుకుతుంది. తెలుగునాట సామాన్య శ్రోత చేతికి అందిన సంగీత ముద్రణల్లో సినిమా పాటల పుస్తకానికి ముఖ్యమైన స్థానం ఉంది. హాలు ముందు, బస్టాండులో, జాతరలో స్వల్ప ధరకు దొరికిన ఈ చిన్న పుస్తకాన్ని, మెదక్ జిల్లా టేక్మాల్ వంటి గ్రామీణ మండల కేంద్రంలోని శ్రోతను దృష్టిలో ఉంచుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముఖచిత్రం

అమెరికాలో 1967లో మొదలైన రోలింగ్ స్టోన్ వంటి సంగీత పత్రికలకు గాయకుడి ముఖమే ప్రధానమైన ఆకర్షణ. తెలుగు పాటల పుస్తకం అట్టమీద గాయకుడు కనిపించడు. నాయికా నాయకులు కనిపిస్తారు. నేపథ్యగానం స్థిరపడ్డ పరిశ్రమలో పాట ఒకరి గొంతు, మరొకరి పెదవి కలిసి తయారవుతుంది. అట్ట పెదవినే ఎంచుకుంది. పాటను తెరమీద చూసినవారికి, చూడబోయేవారికి ఆ ముఖమే గుర్తు. గాయకుల పేర్లు, రచయితల పేర్లు లోపలికి వెళ్తాయి. అట్ట తర్వాత సాంకేతిక నిపుణుల జాబితా, ఆపై కథాసంగ్రహం వస్తాయి. కథ కీలకమైన మలుపు దగ్గర ఆగిపోయి, మిగిలినది వెండితెరపై చూడమంటుంది. అంటే అట్ట, కథ రెండూ పాఠకుణ్ణి హాలుకు పిలిచే ప్రకటనలే.

లోపలి పుట

పాటలు అచ్చయిన పుటల స్వభావం వేరు. అక్కడ రాగం పేరు లేదు, తాళం లేదు, స్వరం లేదు. ఉన్నవి సాహిత్యం, కొన్ని గుర్తులు. చరణం చివర పల్లవి మొత్తాన్ని మళ్ళీ అచ్చువేయక, దాని మొదటి మాటను మాత్రం రెండు నిలువు గీతల మధ్య ఉంచుతారు. పాదాన్ని రెండుసార్లు పాడాలంటే పక్కన అంకె వేస్తారు. యుగళగీతంలో ‘అతడు’, ‘ఆమె’, ‘ఇద్దరూ’ అని పంక్తుల ముందు సూచిస్తారు.

ఈ గుర్తుల వల్ల కాగితం ఆదా అవుతుందన్నది నిజమే. అయితే ఆ వివరణ చాలదు. ఒక్క మాట చూడగానే పల్లవి అంతా, దాని వరసతో సహా, గుర్తుకు వచ్చే పాఠకుడు ఉంటేనే ఆ పొదుపు సాధ్యం. రేడియోలోనో, పెళ్ళిపందిట్లో మైకులోనో పాటను పదేపదే విన్న టేక్మాల్ శ్రోతకు వరస కంఠస్థమే. వేగంలో జారిపోయిన మాటలే అతనికి కావాలి. పుస్తకం వాటినే ఇస్తుంది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. ఎట్టయపురంలో 1904లో తెలుగు లిపిలో అచ్చయిన ఆ బృహద్గ్రంథం కీర్తనలను స్వరసహితంగా, గమకాల గుర్తులతో సహా చూపుతుంది. అంతకుముందు చిన్నస్వామి మొదలియార్ 1893లో కర్ణాటక సంగీతాన్ని పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేశారు. ఈ ఇద్దరూ ఎదుట లేని గురువు స్థానాన్ని పుటతో నింపడానికి ప్రయత్నించారు. పాటల పుస్తకానికి ఆ అవసరం రాలేదు. కాబట్టి దానిలోని స్వరశూన్యతను పేదరికంగా కాక, శ్రోత చెవిమీద పెట్టుకున్న నమ్మకంగా గ్రహించాలి.

నమ్మకానికి హద్దు

ఆ నమ్మకం చెవి దగ్గరే ఆగింది. పుస్తకంలోని భాష చాలాకాలం కోస్తా జిల్లాల శిష్టభాషకు దగ్గరగా నడిచింది. టేక్మాల్ ఇళ్ళలోని నుడికారానికి దానిలో చోటు అరుదు. ఇదే మెదక్ జిల్లాలోని తూప్రాన్‌లో పుట్టిన గద్దర్ పాటలు ఆ నుడికారాన్ని జనం ముందుకు తెచ్చాయి. జననాట్యమండలి పాటలు కూడా పుస్తకాలుగా వెలువడ్డాయి. సినిమా పుస్తకం శ్రోతకు తెలియని మాటను అందిస్తే, ఇవి అతని మాటనే అతనికి అచ్చులో చూపాయి. పాటల పుస్తకం తన పాఠకుణ్ణి ఎంత బాగా ఎరిగినా, అతని నోటిని సగమే ఎరిగిందని ఈ పోలిక తెలుపుతుంది.

ముగింపు

సినీకవుల పాటలు నేడు సంపుటాలుగా వస్తున్నాయి. కవి పేరుకింద పాటను కవితగా నిలబెట్టే పద్ధతిలో ‘అతడు’, ‘ఆమె’ సూచనలు, నిలువు గీతలు జారిపోయే అవకాశం ఉంది. అప్పుడు పాఠం మిగులుతుంది; ఆ పాఠాన్ని పట్టుకొని పాడిన మనిషి జాడ పోతుంది. సినిమా మారగానే పాత పుస్తకానికి గిరాకీ పోయేది. గ్రంథాలయాలు సాధారణంగా దాన్ని దాచదగిన వస్తువుగా చూడలేదు. మిగిలిన ప్రతులను సాహిత్యపాఠానికి మాత్రమే కాక పుట అమరికకు కూడా ఆధారాలుగా సేకరించవలసి ఉంది. తెలుగు శ్రోత పాటను ఎలా చదివాడో చెప్పగల సాక్ష్యం ఆ గుర్తుల్లో ఉంది.